తెల్లబట్టలో మార్పు కనిపిస్తే ఏం చేయాలి: ఇంట్లో గమనించడం నుంచి డాక్టర్‌కి చూపించుకోవడం దాకా

తెల్లబట్ట గురించి అడిగేవాళ్ళంతా దాదాపు ఒకే ప్రశ్న వేస్తారు: "ఇది జబ్బా, కాదా?" ఇంటర్ చదివే అమ్మాయిలు అడుగుతారు, కాన్పయినవాళ్ళు అడుగుతారు, నెలసరి ఆగిపోయిన పెద్దవాళ్ళూ అడుగుతారు. తెల్లబట్ట ఉండటం జబ్బు కాదు. రజస్వల కావడానికి కొన్ని నెలల ముందు మొదలై, నెలసరి ఆగిపోయేదాకా ప్రతి ఆడమనిషికీ ఎంతో కొంత అవుతూనే ఉంటుంది. యోని తనను తాను శుభ్రం చేసుకునే పద్ధతే అది. మనం చూడాల్సింది అందులో వచ్చే మార్పుని. ఆ మార్పుని ఎలా పట్టుకోవాలి, ఎంత తొందరగా ఎవరి దగ్గరికి వెళ్ళాలి, అక్కడ ఏం చెప్పాలి అన్నది వరసగా చెప్తాను.

ముందు ఒక భయం తీసేయాలి. "ఎముకలు కరిగి తెల్లబట్టగా పోతున్నాయి", "ఒంట్లో బలమంతా కారిపోతోంది" అని మన ఇళ్ళలో ఇప్పటికీ అంటారు. ఎముకలకీ తెల్లబట్టకీ ఏ సంబంధమూ లేదు. నీరసం, నడుం నొప్పి ఉంటే అవి నిజమే, కానీ వాటికి కారణం వేరే చోట వెతకాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. కాబట్టి నీరసంగా ఉంటే ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. "వేడి చేసింది" అన్నది కూడా కారణం కాదు. మామిడిపళ్ళు, కోడికూర మానేసినా ఇన్‌ఫెక్షన్ తగ్గదు.

ఇవి దగ్గర పెట్టుకోండి

- క్యాలెండర్ లేదా ఫోన్. పీరియడ్ మొదలైన తేదీ రాసుకోవడానికి.
- తెలుపు లేదా లేత రంగు కాటన్ లోదుస్తులు. ముదురు రంగు మీద మార్పు కనిపించదు.
- వాసన కలపని మామూలు ప్యాడ్ ఒకటి రెండు.
- గత రెండు మూడు నెలల్లో వాడిన మందుల పేర్లు. యాంటీబయాటిక్స్, గర్భనిరోధక మాత్రలు, స్టెరాయిడ్లు, షుగర్ మందులు తప్పకుండా ఉండాలి. పేర్లు గుర్తులేకపోతే మాత్రల అట్ట ఫోటో తీసుకోండి.
- పాత రిపోర్టులు, ఓపీ చీటీలు.

అద్దం పెట్టుకుని లోపల చూసుకోవాల్సిన పని లేదు. వేలు పెట్టి లోపల నుంచి తీసి చూడాల్సిన అవసరం అసలే లేదు.

1. మీకు మామూలుగా ఎలా ఉంటుందో తెలుసుకోండి

ఒకటి రెండు నెలలు గమనిస్తే చాలు. పీరియడ్ అయిపోయిన వెంటనే కొందరికి దాదాపు ఏమీ ఉండదు. అండం విడుదలయ్యే రోజులు దగ్గరపడేకొద్దీ, అంటే 28 రోజుల నెలసరి అయితే 14వ రోజు అటూ ఇటూగా, పల్చగా, జారుడుగా, గుడ్డు తెల్లసొనలా సాగుతుంది. తర్వాత చిక్కబడి తెల్లగా, జిగటగా మారి మళ్ళీ పీరియడ్ వస్తుంది. రోజంతా కలిపితే మామూలుగా ఒక చెంచాకి మించదు. కొద్దిపాటి పుల్లని వాసన ఉండొచ్చు, అది ఆరోగ్యానికి గుర్తే. అక్కడ ఉండే మంచి బ్యాక్టీరియా తయారుచేసే ఆమ్లం వల్ల అలా వస్తుంది.

దీన్ని చూసి చాలామంది పొరబడేది రెండు చోట్ల. ఒకటి, బట్ట మీద ఆరాక లేత పసుపు మరకలా కనిపిస్తుంది. గాలి తగిలి ఆరితే అంతే, దాన్ని "పసుపు డిశ్చార్జ్" అనుకోవద్దు. రంగు చూడాలంటే తడిగా ఉన్నప్పుడే చూడాలి. రెండు, నల్ల లోదుస్తుల మీద మధ్యలో రంగు వెలిసిపోతుంది. అది కూడా ఆ ఆమ్లం పనే.

పిల్లల కోసం ప్రయత్నిస్తున్నవాళ్ళకి ఆ సాగే రోజులు పనికొచ్చే రోజులు. కానీ పిల్లలు వద్దనుకుంటున్నవాళ్ళు ఈ ఒక్క గుర్తునే నమ్ముకోవద్దు.

2. మార్పు కనిపిస్తే ఐదు విషయాలు రాసుకోండి

రంగు. చిక్కదనం. వాసన. ఎన్నో రోజు, అంటే పోయిన పీరియడ్ మొదలైన నాటి నుంచి లెక్క. దాంతోపాటు వచ్చిన ఇబ్బంది: దురద, మంట, మూత్రం పోస్తుంటే మంట, కలయికలో నొప్పి, పొత్తికడుపు నొప్పి, జ్వరం, రక్తపు చారలు.

"ఎక్కువవుతోంది" అన్న ఒక్క మాట డాక్టర్‌కి పెద్దగా ఉపయోగపడదు. "పది రోజులుగా బూడిద రంగులో పల్చగా అవుతోంది, కలయిక తర్వాత నీచు వాసన, దురద లేదు" అంటే సగం పని అయిపోయినట్టే.

3. మీరు ఏ దశలో ఉన్నారో చూసుకోండి

ఒకే రకం తెల్లబట్ట ఒకరికి మామూలు, మరొకరికి ప్రమాదం. అందుకే ఇది దాటవేయొద్దు.

*పుట్టిన పాప:* మొదటి వారాల్లో తెల్లగా, ఒక్కోసారి కొద్దిగా రక్తంతో కనిపించొచ్చు. తల్లి హార్మోన్ల ప్రభావం అది, కొద్దిరోజుల్లో తగ్గుతుంది.

*రజస్వల కాని పిల్ల:* మొదటి పీరియడ్‌కి ఆరు నెలల నుంచి ఏడాది ముందు వాసన లేని తెల్లబట్ట మామూలే. అంతకంటే చిన్నపిల్లకి దుర్వాసనతోగానీ రక్తంతోగానీ అయితే డాక్టర్‌కి చూపించాలి. నులిపురుగులు ఉండొచ్చు, ఆటలో ఏదైనా వస్తువు లోపలికి పోయి ఉండొచ్చు. ఎవరైనా పిల్లని ఇబ్బంది పెట్టి ఉండే అవకాశాన్ని కూడా కొట్టిపారేయొద్దు. పిల్లని గద్దించకుండా మెల్లగా అడగండి. అనుమానం ఉంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చు.

*గర్భిణి:* తెల్లబట్ట పెరగడం సహజం. కానీ దురద, వాసన, నీళ్ళలా కారడం, రక్తం, వీటిలో ఏది ఉన్నా ఇంట్లో చూసుకునే పని కాదు.

*కాన్పయ్యాక:* మొదటి మూడు నాలుగు రోజులు ఎర్రగా, తర్వాత గులాబీ లేదా గోధుమ రంగులో, ఆ తర్వాత పసుపు తెలుపులో, మొత్తం నాలుగు నుంచి ఆరు వారాలు అవుతుంది. కుళ్ళు వాసన రాకూడదు.

*కాపర్ టీ వేయించుకున్నవాళ్ళు, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్ళు:* కొద్దిగా పెరగొచ్చు. వాసన, పొత్తికడుపు నొప్పి ఉంటే మాత్రం చూపించుకోండి.

*నెలసరి ఆగి ఏడాది దాటినవాళ్ళు:* ఈ వయసులో పొడిబారి మంట, పల్చటి పసుపు డిశ్చార్జ్ రావొచ్చు, దానికి మంచి వైద్యం ఉంది. రక్తం మాత్రం ఒక్క చుక్క కనిపించినా, "మళ్ళీ పీరియడ్ వచ్చిందిలే" అనుకోకూడదు. అందరికీ క్యాన్సర్ అని కాదు, చాలామందికి కాదు. కాదని పరీక్ష చేసి తేల్చాలి, అంతే.

4. లక్షణాలు పోల్చి చూడండి, కానీ మీరే జబ్బు ఖాయం చేయొద్దు

*తెల్లగా, పెరుగు తరకల్లా, విపరీతమైన దురద, మంట, బయట ఎర్రబడటం, పెద్దగా వాసన లేకపోవడం:* ఎక్కువగా ఈస్ట్, అంటే క్యాండిడా అనే ఫంగస్. యాంటీబయాటిక్ కోర్సు అయ్యాక, గర్భంలో, షుగర్ అదుపులో లేనప్పుడు ఎక్కువ. ఏడాదిలో మూడు, నాలుగుసార్లు వస్తుంటే షుగర్ పరీక్ష చేయించాలి. మళ్ళీ మళ్ళీ వచ్చే ఈ దురదతోనే షుగర్ ఉన్న సంగతి బయటపడేవాళ్ళు ఉన్నారు.

*పల్చగా, బూడిద తెలుపులో, నీచు వాసన, దురద తక్కువ:* బ్యాక్టీరియల్ వెజైనోసిస్. మంచి బ్యాక్టీరియా తగ్గి, వేరేవి పెరిగిపోవడం వల్ల వస్తుంది. కలయిక తర్వాత, పీరియడ్ సమయంలో వాసన ఎక్కువవుతుంది. వాసన పోవాలని లోపలికంటా కడిగేవాళ్ళకి ఇది ఇంకా పెరుగుతుంది.

*పసుపు పచ్చగా లేదా ఆకుపచ్చగా, నురగతో, దుర్వాసన, దురద:* ట్రైకోమోనాస్ కావచ్చు. కలయిక ద్వారా వచ్చేది. ఇద్దరూ మందు వాడాలి.

*చీములా, కలయిక తర్వాత రక్తం, పొత్తికడుపు నొప్పి:* గర్భసంచి ముఖద్వారానికి సోకే గనేరియా, క్లమీడియా లాంటివి కావచ్చు. చాలామంది ఆడవాళ్ళకి ఇవి ఏ లక్షణమూ లేకుండానే ఉంటాయి, వదిలేస్తే ట్యూబులు మూసుకుపోయి పిల్లలు పుట్టడం కష్టమవుతుంది. అందుకే భర్తకి మూత్రంలో మంట, చీము ఉంటే మీకేమీ లేకపోయినా చూపించుకోవాలి.

*నీళ్ళలా, రక్తం కలిసి, కుళ్ళు వాసనతో, వారాల తరబడి:* ముఖద్వార క్యాన్సర్ కాదని తేల్చుకోవాలి. ఆలస్యం వద్దు.

ఒక్కోసారి రెండు ఇన్‌ఫెక్షన్లు కలిసే ఉంటాయి. చూడటానికి ఈస్ట్‌లా ఉండి కాకపోవచ్చు. కొత్త సబ్బుకో, సెంటు ప్యాడ్‌కో వచ్చిన అలర్జీ కూడా ఇలాగే దురద పెడుతుంది. ఈ పోలిక ఎంత తొందరగా వెళ్ళాలో తెలుసుకోవడానికే. మెడికల్ షాపుకి వెళ్ళి మందు కొనుక్కోవడానికి కాదు.

5. ఎంత తొందర అన్నది నిర్ణయించుకోండి

ఈ రోజే, రాత్రయినా సరే, ఆసుపత్రికి వెళ్ళాల్సినవి. అవసరమైతే 108కి ఫోన్ చేయండి.

- గర్భిణికి నీళ్ళలా కారుతూ ఆగకపోవడం. ఉమ్మనీరా, మూత్రమా అని అనుమానమైతే శుభ్రమైన ప్యాడ్ పెట్టుకుని వెళ్ళండి, డాక్టర్ దాన్ని చూస్తారు. ఆరేదాకా ఇంట్లో ఎదురుచూడొద్దు. నెలలు నిండకపోయినా, నీరు ఆకుపచ్చగా ఉన్నా, బిడ్డ కదలిక తగ్గినా ఇంకా తొందర.
- గర్భిణికి రక్తం కనిపించడం.
- కాన్పు లేదా గర్భస్రావం తర్వాత జ్వరం, కుళ్ళు వాసన.
- పొత్తికడుపులో తీవ్రమైన నొప్పి, జ్వరం, వాంతులతో పాటు డిశ్చార్జ్.
- పీరియడ్ తప్పి, ఒక పక్క కడుపు నొప్పి, కొద్దికొద్దిగా రక్తం. గర్భం ట్యూబులో నిలిచి ఉండొచ్చు.
- టాంపాన్ లేదా కప్ వాడుతుండగా హఠాత్తుగా తీవ్ర జ్వరం, ఒళ్ళంతా ఎర్రటి దద్దుర్లు, కళ్ళు తిరగడం. ముందు దాన్ని తీసేసి బయల్దేరండి.
- ఇష్టం లేకుండా ఎవరైనా బలవంతం చేస్తే 72 గంటలు దాటకముందే వెళ్ళాలి. గర్భం రాకుండా, హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది. చట్ట ప్రకారం ఏ ఆసుపత్రి అయినా, ప్రైవేటుదైనా, ఉచితంగా చికిత్స చేయాలి. సాయానికి మహిళా హెల్ప్‌లైన్ 181.

ఈ వారంలోపు చూపించుకోవాల్సినవి: రంగు మారడం, దుర్వాసన, దురద, మంట, పుండ్లు, పొక్కులు, కలయిక తర్వాత రక్తం, రెండు పీరియడ్ల మధ్య రక్తం, నెలసరి ఆగాక రక్తం. షుగర్ ఉన్నవాళ్ళు, గర్భిణులు చిన్న దురదకి కూడా వెళ్ళాలి.

వాసన లేదు, దురద లేదు, నొప్పి లేదు, నెల మధ్యలో కాస్త ఎక్కువయింది, అంతే అయితే టెన్షన్ పడొద్దు. వచ్చే నెల కూడా గమనించండి.

6. చూపించుకునేలోపు ఇంట్లో

బయటి భాగాన్ని మామూలు నీళ్ళతో కడగండి, ముందు నుంచి వెనక్కి. తడి అద్దుకుని ఆరనివ్వండి. ఉక్కపోత రోజుల్లో బిగుతు లెగ్గింగ్స్, నైలాన్ లోదుస్తులు పక్కన పెట్టి కాటన్‌వి వేసుకోండి. రాత్రి వదులు నైటీ చాలు.

పీరియడ్‌లో నాలుగు నుంచి ఆరు గంటలకోసారి ప్యాడ్ మార్చండి. గుడ్డలు వాడేవాళ్ళు సబ్బుతో ఉతికి ఎండలో ఆరేయండి. మగవాళ్ళ కంట పడకూడదని మంచం కింద, చీర మడతల లోపల ఆరేస్తే అవి పూర్తిగా ఆరవు, మర్నాడు ఆ చెమ్మనే కట్టుకున్నట్టవుతుంది. దండెం మీద వేయడానికి మొహమాటమైతే పైన పల్చటి తువ్వాలు కప్పండి.

ఇక చేయకూడనివి. వీటి దగ్గర నేను గట్టిగానే చెప్తాను, ఎందుకంటే చిన్న ఇన్‌ఫెక్షన్‌ని పెద్దది చేస్తున్నది ఇవే.

- లోపలికంటా కడగొద్దు. సబ్బు, డెట్టాల్, వేపాకు నీళ్ళు, ఉప్పు నీళ్ళు, ఏదీ వద్దు. మంచి బ్యాక్టీరియా కొట్టుకుపోతుంది.
- పెరుగు, వెల్లుల్లి, పసుపు ముద్ద లోపల పెట్టొద్దు.
- మెంతి నీళ్ళు, సగ్గుబియ్యం జావ, బియ్యం కడిగిన నీళ్ళు తాగితే నష్టమేమీ లేదు, కానీ ఇన్‌ఫెక్షన్‌కి అవి మందు కావు. వాటి మీద నెలలు గడిపేయొద్దు.
- మెడికల్ షాపులో "దురద క్రీమ్" అడిగితే ఇచ్చే చాలా ట్యూబుల్లో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. ట్యూబు మీద క్లోబెటసాల్, బీటామెథాసోన్, బెక్లోమెథాసోన్ అని ఉందేమో చదవండి. రెండు రోజులు హాయిగా ఉంటుంది, తర్వాత ఫంగస్ ఇంకా పాకుతుంది, చర్మం పల్చబడుతుంది.
- మూడు రకాల మాత్రలు కలిపిన "కిట్" ఒకటి వేసుకుంటే పోతుందని కొందరు షాపులోనే ఇచ్చేస్తారు. ఏ ఇన్‌ఫెక్షనో తెలియకుండా, భర్త వాడకుండా, పరీక్ష లేకుండా వేసుకుంటే తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తుంది. గర్భిణులకి ఇది అసలు పనికిరాదు.

ఒక మినహాయింపు. ఇంతకుముందు డాక్టర్ చూసి ఈస్ట్ అని చెప్పి ఉండి, ఇప్పుడు అచ్చం అవే లక్షణాలు వస్తే, మీరు గర్భిణి కాకపోతే, వాసన, నొప్పి, జ్వరం లేకపోతే, అప్పుడు వాడిన క్లోట్రిమజోల్ మాత్ర వాడొచ్చు. అది మింగేది కాదు, యోనిలో పెట్టుకునేది. రాత్రి పడుకునే ముందు చేతులు కడుక్కుని, వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి వీలైనంత లోపలికి పెట్టుకోవాలి. మర్నాడు తెల్లటి పొడిలా బయటికి వస్తే కంగారు పడొద్దు, మందు మిగులు అది. ఆ రోజుల్లో కండోమ్‌ని నమ్ముకోవద్దు, ఈ మందు దాన్ని బలహీనపరుస్తుంది.

7. ఎక్కడికి వెళ్ళాలి, ఏం చెప్పాలి

ఆశా కార్యకర్తకి లేదా ఏఎన్ఎమ్‌కి చెప్తే మీ పీహెచ్‌సీలో లేడీ డాక్టర్ ఏ రోజు ఉంటారో చెప్తారు. జిల్లా ఆసుపత్రులు, బోధనాసుపత్రుల్లో "సురక్ష క్లినిక్" అని ఉంటుంది. ఈ ఇన్‌ఫెక్షన్లకి అక్కడ పరీక్ష, మందులు ఉచితం, వివరాలు గోప్యంగా ఉంచుతారు. అక్కడ మందులు రంగుల కిట్లలో ఇస్తారు: యోని ఇన్‌ఫెక్షన్‌కి ఆకుపచ్చ, ముఖద్వారం ఇన్‌ఫెక్షన్‌కి బూడిద రంగు, పొత్తికడుపు నొప్పికి పసుపు. తెలంగాణలో 2023 మార్చి 8న మొదలైన ఆరోగ్య మహిళ క్లినిక్‌లు ఆడవాళ్ళ సమస్యల కోసం మంగళవారాలు పెట్టినవి. మీకు దగ్గర్లో ఎక్కడుందో ఆశాని అడగండి. ఎవరికీ చెప్పుకోలేని పరిస్థితి అయితే జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేసి అడగొచ్చు, ఉచితం.

వెళ్ళే ముందు రెండు రోజులు లోపల ఏ క్రీమూ పెట్టకండి, ముందురోజు కలయిక వద్దు. వీలైతే పీరియడ్ లేని రోజు చూసుకోండి. నొప్పి, జ్వరం ఉంటే మాత్రం ఇవేవీ చూడకుండా వెళ్ళిపోవాలి.

అక్కడికి వెళ్ళాక అసలు సంగతి చెప్పకుండా "నీరసంగా ఉందండీ", "నడుం లాగుతోందండీ" అని ఆగిపోతారు చాలామంది. వాళ్ళు బి-కాంప్లెక్స్ రాసి పంపేస్తారు. సిగ్గు పడితే నష్టం మనకే. ఇలా చెప్పండి:

"డాక్టర్ గారూ, పది రోజులుగా తెల్లబట్ట మారిందండీ. పసుపు రంగులో ఉంది, వాసన వస్తోంది, దురద ఉంది. పోయిన పీరియడ్ ఫలానా తేదీన వచ్చింది. ఈ మందులు వాడుతున్నాను. మా ఆయనకి ఏ ఇబ్బందీ లేదు."

నోరు రాకపోతే కాగితం మీద రాసిచ్చినా సరిపోతుంది.

డాక్టర్ బయట చూసి, స్పెక్యులమ్ అనే పరికరంతో ముఖద్వారం చూస్తారు, దూదిపుల్లతో నమూనా తీస్తారు. ఒళ్ళు బిగబట్టకుండా నోటితో మెల్లగా ఊపిరి వదిలితే ఇబ్బంది తక్కువ. పక్కన ఒక ఆడమనిషి ఉండాలని అడగొచ్చు, అది మీ హక్కు. పెళ్ళి కాని అమ్మాయిలు, ఇంతవరకు కలయిక లేనివాళ్ళు ఆ మాట ముందే చెప్పండి. బయట చూసి, పైపైన నమూనా తీసుకుని కూడా వైద్యం చేయొచ్చు. అమ్మలకి ఒక మాట: "పెళ్ళి కాని పిల్లని గైనిక్ దగ్గరికి తీసుకెళ్తే ఎవరేమనుకుంటారో" అని ఆపొద్దు. ఈస్ట్, బ్యాక్టీరియల్ వెజైనోసిస్ ఎవరికైనా రావొచ్చు.

చూడకుండా, అడగకుండా చీటీ రాసేస్తుంటే "ఒకసారి పరీక్ష చేస్తారా అండీ?" అని అడగండి. గర్భం ఉండే అవకాశం ఉంటే అది కూడా చెప్పండి. ఈస్ట్‌కి మామూలుగా ఇచ్చే ఫ్లూకొనజోల్ మాత్ర గర్భిణులు మింగకూడదు, వాళ్ళకి లోపల పెట్టుకునే మందు ఏడు రోజులు ఇస్తారు.

8. భర్త సంగతి

ట్రైకోమోనాస్, గనేరియా, క్లమీడియా అని తేలితే ఇద్దరూ ఒకేసారి మందు వాడాలి, ఇద్దరిదీ పూర్తయ్యి వారం గడిచేదాకా కలయిక వద్దు. ఒక్కరే వాడితే వారం తిరక్కుండానే మళ్ళీ అంటుకుంటుంది. ఈస్ట్‌కైతే ఆయనకి దురద, ఎర్రదనం ఉంటేనే మందు అవసరం. బ్యాక్టీరియల్ వెజైనోసిస్ పదే పదే తిరగబెడుతుంటే ఆయనకి కూడా వైద్యం కావాలేమో డాక్టర్‌ని అడగండి.

ఈ మాట ఇద్దరూ చదవాలి: ఈస్ట్ గానీ, బ్యాక్టీరియల్ వెజైనోసిస్ గానీ ఎవరైనా తప్పు చేశారనడానికి రుజువు కాదు. ట్రైకోమోనాస్ కూడా లక్షణాలు లేకుండా నెలల తరబడి దాగి ఉండగలదు. ఏ రిపోర్టునీ పట్టుకుని ఇంట్లో పంచాయితీ పెట్టొద్దు. "ఇద్దరికీ మందు ఇచ్చారు, కలిసి వాడదాం" అంటే చాలు.

9. తగ్గిందో లేదో ఎలా తెలుస్తుంది

ఈస్ట్‌కి మందు మొదలుపెట్టాక రెండు మూడు రోజుల్లో దురద తగ్గుముఖం పట్టాలి, వారంలో పూర్తిగా పోవాలి. బ్యాక్టీరియల్ వెజైనోసిస్‌కి మెట్రోనిడజోల్ సాధారణంగా ఏడు రోజులు ఇస్తారు. రెండో రోజుకే వాసన పోయినా కోర్సు ఆపొద్దు. నోరు చేదుగా, లోహపు రుచిలా ఉంటుంది, అది ఆ మందు లక్షణమే. ఆ రోజుల్లో మద్యం, కల్లు ముట్టుకోకూడదు.

పోయిందనడానికి గుర్తు తెల్లబట్ట పూర్తిగా ఆగిపోవడం కాదు, మీ మామూలు స్థితికి రావడం. ఇది తెలియక "ఇంకా తగ్గలేదు" అని కోర్సు మీద కోర్సు వాడేవాళ్ళున్నారు. మొదటి అంచెలో రాసుకున్నదాంతో పోల్చి చూసుకోండి.

వారం దాటినా తగ్గకపోతే, లేదా రెండు నెలల్లో తిరగబెడితే అదే చీటీతో అదే మందు మళ్ళీ కొనొద్దు. వెళ్ళి నమూనా పరీక్ష చేయించమని అడగండి. ట్రైకోమోనాస్ అయినవాళ్ళు లక్షణాలు పోయినా మూడు నెలల్లో మళ్ళీ పరీక్ష చేయించుకోవాలి.

30 నుంచి 65 ఏళ్ళవాళ్ళకి ముఖద్వార క్యాన్సర్ ముందస్తు పరీక్ష ఐదేళ్ళకోసారి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా చేస్తారు. తెల్లబట్ట కోసం వెళ్ళినప్పుడే అది కూడా అడిగేయండి. ఇన్‌ఫెక్షన్ ఉంటే అది తగ్గాక రమ్మనొచ్చు, తప్పకుండా వెళ్ళండి.

ఎవరైనా "గర్భసంచి తీసేయాలి" అంటే

దేశంలో గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరసలో ఉన్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెప్తూనే ఉన్నాయి. ముప్పై ఏళ్ళు దాటీ దాటకుండానే తీసేయించుకున్నవాళ్ళు మన ఊళ్ళలో ఉన్నారు, అందులో కొందరి కథ తెల్లబట్టతోనే మొదలైంది. "గర్భసంచికి పుండు పడింది, ఇలాగే వదిలేస్తే క్యాన్సర్ అవుతుంది" అంటే ఏ తల్లి భయపడదు?

ఈస్ట్, బ్యాక్టీరియల్ వెజైనోసిస్, ట్రైకోమోనాస్ ఉండేది యోనిలో, గర్భసంచిలో కాదు. గర్భసంచి తీసేసినా అవి వస్తాయి, తెల్లబట్టా అవుతుంది. మాత్రలతో పోయేదానికి అవయవం తీయడం వైద్యం కాదు. "పుండు" అని చెప్పేది చాలాసార్లు ముఖద్వారం లోపలి పొర బయటికి ఎర్రగా కనిపించడమే. వయసులో ఉన్నవాళ్ళకి, మాత్రలు వాడేవాళ్ళకి, గర్భిణులకి అది సహజం, క్యాన్సర్‌కి గుర్తు కాదు. అనుమానం ఉంటే పాప్ పరీక్షో, హెచ్‌పీవీ పరీక్షో (రెండూ ముఖద్వారం నుంచి నమూనా తీసి చేసేవే), బయాప్సీయో (చిన్న ముక్క తీసి చూడటం) చేస్తే తేలుతుంది. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఆ వారంలోనే మెనోపాజ్, అంటే నెలసరి ఆగిపోయే దశ, మొదలవుతుంది: ఒళ్ళు ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, ముందుగానే ఎముకలు పెళుసుబారడం. ఉంచినా కొందరికి అవి ముందే పనిచేయడం మానేస్తాయి.

అనవసరపు గర్భసంచి ఆపరేషన్లని అడ్డుకోవడానికి కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలని ఆదేశించింది. కాబట్టి అడగడానికి వెనకాడొద్దు. నాకున్న జబ్బు పేరేమిటి, అది ఏ పరీక్షలో తేలింది, మందులతో ఎందుకు తగ్గదు, అండాశయాలు ఉంచుతారా తీస్తారా. జవాబులు కాగితం మీద రాయించుకోండి.

ఆ కాగితం, స్కానింగ్ రిపోర్టు తీసుకుని ప్రభుత్వ బోధనాసుపత్రిలో ఇంకో గైనిక్ డాక్టర్‌కి చూపించండి. తెల్లబట్ట ఒక్కదానికి రేపు పొద్దున్నే ఆపరేషన్ చేయాల్సినంత తొందర ఎప్పుడూ ఉండదు.